మా ఇంటి కలకత్తా మాస్టర్

మా ఆయన కలకత్తా ఎప్పుడూ చూడలేదు. దమ్మామ్ చూశాడు, రియాద్ చూశాడు. బొంబాయిలో విమానం ఎక్కబోయే ముందు ఏజెంట్ ఆఫీసు మెట్ల మీద రోజుల తరబడి కూర్చున్నాడు కనుక ఆ మెట్లను కూడా బాగానే చూశాడు. అయినా కామారెడ్డిలో పెళ్లిబట్టలు అమ్మే వీధిలో ఎవరిని అడిగినా ఆయన కలకత్తా మాస్టరే. మగ్గం పనిలో అంత చెయ్యి తిరిగిన మనిషి ఈ జిల్లాలో లేడని చెబుతారు. నేనూ కాదనను. ఆ చెయ్యి నాదే కాబట్టి నన్ను నేను తక్కువ చేసుకోవడం ఎందుకని ఊరుకుంటాను.

ఈ మగ్గం నేత మగ్గం కాదు. నాలుగు కర్రల చట్రం. జాకెట్ గుడ్డను దాని మీద మోగేంత బిగువుగా కట్టి, కింద ఎడమ చేత్తో దారం పట్టుకుని, పైన కుడి చేత్తో కొక్కెం సూదిని దింపుతూ లేపుతూ పూసలు, జరీ, కుందన్లు కుట్టాలి. ఇప్పుడు మా వైపు మగ్గం పని జాకెట్ లేకుండా ఏ పెళ్లికూతురూ పీటల మీద కూర్చోవడం లేదు. కూలికి పోయేవాళ్ల ఇంట్లో అయినా అంతే.

ఈ పని నేను హైదరాబాద్ పాతబస్తీలో మా ఖాలా, అంటే పిన్ని ఇంట్లో నేర్చుకున్నాను. చట్రం చుట్టూ ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. పని పూర్తయ్యాక ఖాలా భర్త, మా ఖాలూ, దాన్ని మూట కట్టి భుజాన వేసుకుని షాపుకు తీసుకెళ్లేవాడు. షాపువాళ్లు ఆయన్ని మెచ్చుకునేవారు. ఆయన ఇంటికొచ్చి ఆ మెచ్చుకోలును మాకు ఉన్నదున్నట్టు చెప్పేవాడు, భుజం నొప్పితో సహా. ఆ నొప్పికి మళ్లీ మేమే నూనె రాసేవాళ్లం. అందులో వింత ఏదైనా ఉందని అప్పట్లో మాకెవరికీ తోచలేదు.

పెళ్లయ్యాక ఎల్లారెడ్డి వచ్చాను. నేను వచ్చిన కొన్నాళ్లకే మా ఆయన బిల్డింగుల సెంట్రింగ్ పనికి సౌదీ వెళ్లిపోయాడు. మా దగ్గర చాలా ఇళ్లలో పెళ్లి, వీసా ఒకే సీజన్‌లో వస్తాయి. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. నేను చదివింది సర్కారు బడిలో, తెలుగు మీడియంలో. అందుకని ఇది తెలుగులో రాస్తున్నాను, మా మాటలను కూడా తెలుగులోకి తెచ్చాను. మా ఆయనకు ఈ సంగతి తెలిస్తే తన మాటలన్నీ తప్పు రాశానంటాడు.

ఇంట్లో చట్రం వేసుకుని కూర్చున్నాను. కామారెడ్డిలో బొటిక్ నడిపే ఒక మేడం పని ఇచ్చేది. జాకెట్ గుడ్డలు, కొలతకు ఆది జాకెట్లు సంచిలో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చేది. నేను పని చేసి మళ్లీ అదే బస్సులో పంపేదాన్ని. నా పని వారం వారం కామారెడ్డి వెళ్లొచ్చేది. నేను ఎప్పుడో ఒకసారి వెళ్లేదాన్ని, అదీ పంటి నొప్పికి.

అలా పంటి నొప్పికి వెళ్లిన రోజు సంచి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. షాపులో పెళ్లివాళ్లు ఉన్నారు. నేను బుర్ఖాలో ఒక మూల నిలబడ్డాను. పెళ్లికూతురి పెద్దమ్మ నా జాకెట్‌నే అద్దం ముందు పట్టుకుని అడిగింది.

"ఎవలు చేస్తరమ్మా గీ పని?"

"కలకత్తా నుంచి మనిషిని పెట్టిన," అంది మేడం. "వాళ్ల తాతల కాడికెల్లి ఇదే పని."

ఆయనెక్కడున్నాడోనని నేను కూడా ఒక్క క్షణం షాపంతా చూశాను.

వాళ్లు వెళ్లాక అడిగాను. మేడం ఏమాత్రం తడబడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పింది.

"ఎల్లారెడ్డిల ఎవరో తుర్కామె ఇంట్ల కూసోని కుడుతదంటే గీ రేటు ఇస్తరా? 'ఇంటి పనే గద, తగ్గించు' అంటరు. కలకత్తా మొగమనిషి అంటే అడిగినంత ఇస్తరు. నీ పని మంచిగుంటది గన్కనే గా పేరు పెట్టిన. లేకుంటే పెడ్తునా?"

మెప్పు మొత్తం నాకే ఇచ్చింది. డబ్బులో మూడో వంతు ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న అవ్వ పంటి నొప్పి అనుకుని కొంగు ముడిలోంచి లవంగం తీసి ఇచ్చింది. పంటి కింద పెట్టుకున్నాను. లింగంపేట దాటేసరికి పంటి నొప్పి తగ్గింది.

అప్పటి నుంచి నాకొకటే పట్టుదల. కామారెడ్డిలో, ఆ వీధిలోనే, నాకొక మల్గీ కావాలి. మల్గీ అంటే మా వైపు షట్టర్ ఉన్న దుకాణం గది. నా పని నేనే అమ్ముకోవాలి, ఆ రేటు నా చేతికే రావాలి. ఇంతకంటే పెద్ద కోరిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇంతలో మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడి, రావాల్సిన జీతం రాకుండానే ఆయన తిరిగొచ్చాడు. అంతకుముందే, ఆయన వచ్చేదాకా ఆగకుండా, నేనే ఒక మల్గీ అడగడానికి వెళ్లాను. "ఇంట్ల మొగోళ్లు లేరా?" అన్నారు. ఆయన వచ్చాక తీసుకెళ్లాను. మొగమనిషిని చూశారు, గడ్డం చూశారు, నా బుర్ఖా చూశారు. "ఆలోచించి చెప్తం" అన్నారు. వాళ్లు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. ఇంకొకాయన మేం మటన్ కొట్టు పెడతామేమో అన్నాడు. నేను పూసల సంచి విప్పి చూపించాను. "అయినా వాసనొస్తదమ్మా" అన్నాడు. మరో ఇంట్లో, "మా ఇంటామె ఒప్పుకోదు" అని మెల్లిగా చెప్పాడు ఇంటాయన. అదే సమయానికి ఆ ఇంటామె లోపల నా పని తిప్పి తిప్పి చూస్తోంది. బయటకొచ్చి తన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు జాకెట్ ఆర్డర్ ఇచ్చింది. మల్గీ మాత్రం ఇవ్వలేదు.

చివరికి మెట్ల కింద ఉన్న ఒక మల్గీ దగ్గరికి వెళ్లాం. యజమాని ముసలాయన, కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు.

"ఏడికెల్లి వచ్చిండ్రు?" అన్నాడు తలెత్తకుండా.

మా ఆయన అప్పటికి బాగా అలిసిపోయి ఉన్నాడు. మేడం సంగతి నేను చాలాసార్లు చెప్పి ఉన్నాను. నా వైపు ఒకసారి చూసి, హిందీలో "కల్‌కత్తా నుంచి" అన్నాడు.

ముసలాయన పేపర్ పక్కన పెట్టాడు.

"మాస్టరువా?"

"హా."

"బెంగాలోళ్లు మంచిగ చేస్తరు. మరి గీమె?"

"ఇంటామె. వంట చేస్తది."

నా మల్గీలో నాకు వంట పని దొరికింది. అక్కడ పొయ్యి కూడా లేదు. ఒళ్లు మండిపోయింది, కానీ ముసలాయన అప్పటికే తాళం తీయడానికి లేచాడు. మండుతూనే లోపలికి వెళ్లి గోడలు చూశాను. వెలుతురు బాగుంది.

కిరాయి కాగితానికి ఆధార్ ఇవ్వాల్సి వచ్చింది. దాని మీద ఎల్లారెడ్డి అని ఉంది. ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు, తీసేసి మమ్మల్ని చూశాడు, మళ్లీ పెట్టుకుని చదివాడు. "కార్డు మీద ఏమున్నా నాకెందుకు బిడ్డా," అన్నాడు. "పక్క మల్గీలోళ్లు అడిగితె నేను గూడ కలకత్తా అనే చెప్త. నాకు గదే మంచిగున్నది." ఆ రోజు నుంచి కలకత్తాకు సాక్షి కూడా దొరికాడు.

మల్గీ మధ్యలో పరదా కట్టాం. ముందు మా ఆయన, వెనక నేను, చట్రం. ఆయనకు బెంగాలీ వచ్చు. దమ్మామ్‌లో ఆయన గదిలో బంగ్లాదేశ్ వాళ్లు ఉండేవారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న మాటల్లో అన్నం తిన్నావా, జీతం ఇవ్వలేదు, ఫోర్‌మన్ వస్తున్నాడు అన్నవే ఎక్కువ. పెళ్లివాళ్లు చీర విప్పి చూపిస్తే ఆయన కళ్లు సగం మూసి, కాసేపాగి, "హోబే" అనేవాడు. అయితది అని దానర్థం. ఆ ఒక్క మాటకు మేడం తీసుకునే రేటు కంటే ఎక్కువే వచ్చింది. ఎవరూ బేరం ఆడలేదు. ఒకసారి బంగారం పని చేసే అసలు బెంగాలీ ఒకతను వచ్చి, అందరి ముందూ ఆయనతో గలగలా మాట్లాడాడు. మా ఆయన ధైర్యంగా అన్నం తిన్నావా అని అడిగాడు. అతనికి సంగతంతా అర్థమైంది, అయినా బయటపెట్టలేదు. తన ఊరి యాసలో ఎవరో అన్నం తిన్నావా అని అడిగి చాలా రోజులైందట, అందుకని తరచు వచ్చి టీ తాగి వెళ్లేవాడు. దాంతో ఉన్న కొద్దిపాటి అనుమానాలూ పోయాయి. ఎల్లారెడ్డి నుంచి వచ్చినవాళ్లు ఒకరిద్దరు మా ఆయన్ని గుర్తుపట్టారు. వాళ్లకు రేటు తగ్గించాం.

కలకత్తా మాస్టర్‌ది ఏ మతమో ఎవరూ అడగలేదు. దుర్గమ్మను మొక్కుతాడని కొందరు, కాదు సాయిబే అని కొందరు అనుకునేవారు. దూరం నుంచి వచ్చినవాడి మతం కూడా దూరంలోనే ఉండిపోతుంది, ఎవరికీ అడ్డం రాదు. పరదా వెనక గోడకు మాత్రం రెండు క్యాలెండర్లు ఉండేవి. ఒకటి మా నమాజు వేళలది, ఇంకొకటి రాహుకాలం చూసుకునే తెలుగుది. పెళ్లి జాకెట్‌కు మొదటి పూస మంగళవారం కుట్టకూడదు, అమావాస్య నాడు కుట్టకూడదు. మూలకు పసుపు రాసి ఇచ్చిన గుడ్డను ఆ పసుపు పోకుండా చట్రానికి కట్టాలి. మా ఆయనకు ఇవేవీ తెలియవు. మంచి గడియ చూసి నేను మొదలుపెడితే, కలకత్తావాళ్లకు కూడా మన పద్ధతులు తెలుసని ఆడవాళ్లు ఆయన్ని మెచ్చుకునేవారు.

ఏ ఆర్డర్ ఒప్పుకోవాలో, ఏది కాదో ఆయనకు తెలిసే దారి ఒకటి పెట్టుకున్నాం. పెళ్లి తేదీ చెప్పగానే నేను సూది పిడితో చట్రం మీద తట్టేదాన్ని. ఒకసారి తడితే అవుతుంది, రెండుసార్లు తడితే కాదు. బాగానే నడిచింది. ఒకనాడు గుడ్డ సడలిందని చట్రం మేకును సుత్తితో కొడుతున్నాను. ఆగి ఆగి కొట్టాను. ముందు గదిలో ముగ్గురు పెళ్లివాళ్లు వరసగా కూర్చున్నారని నాకు తెలియదు. నేను కొట్టిన ప్రతిసారీ ఆయన ఒక్కొక్కరికి "హోబే" అన్నాడు. ముగ్గురి పెళ్లీ ఒకే రోజు.

పరదా తీసి చూస్తే మూడు చీరలు. "నువ్వే గద తట్టింది" అన్నాడు. ఆ వారమంతా ఆయన అన్నం వండి, కలిపి, నా నోట్లో పెట్టాడు, నేను చట్రం మీంచి చెయ్యి తీయలేదు. చివరి జాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం. అది పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చిన ఒకామె పెద్ద బిడ్డది. వీపు మీద నెమలి, తోకలో ఈకలు. ఒక ఈక గీత తప్పి పక్కకు వంగింది. విప్పి మళ్లీ కుట్టే ఓపిక లేదు. అలాగే ఇచ్చేశాం. ఆమె వంక పెట్టకుండా తీసుకుని వెళ్లింది. చూడలేదనుకున్నాను.

మల్గీ బాగా నడుస్తుండగానే మా ఆయన మళ్లీ వీసా కోసం తిరగడం మొదలుపెట్టాడు. నాకు ముందు అర్థం కాలేదు. పొట్లాడాను. ఆయన తలవంచుకునే చెప్పాడు.

"సెంట్రింగ్ పని చేస్తే చేతులన్న నొస్తయి. ఈడ కూసుంటే ఏం నొయ్యది. నువ్వు చేసినదానికి నన్ను పొగుడ్తరు. నేను నవ్వాలె. నాతోని అయితలేదు."

మగవాడైనందుకు ఆయనకు రేటు వస్తుందని నాకు కోపంగా ఉండేది. ఆ రేటు ఆయనకు కూడా బరువని ఆ రోజే తెలిసింది. ఇంక ఆపలేదు. ఆయన దమ్మామ్ వెళ్లిపోయాడు. పరదా నేనే విప్పాను.

చట్రం ముందుకు జరుపుకుని, బుర్ఖాలో కూర్చున్నాను. మొదటి రోజు వచ్చినామె నేను కూడా కుట్టించుకోవడానికి వచ్చినదాన్నే అనుకుంది. పక్కన కూర్చుని, "ఈడ రేటు ఎట్లుంటది చెల్లె?" అని గుసగుసగా అడిగింది. "ఎక్కువే, కానీ పని మంచిగుంటది" అన్నాను. మాస్టర్ కోసం కాసేపు చూసి వెళ్లిపోయింది.

తర్వాత వచ్చినవాళ్లందరూ అడిగింది ఒకటే. "మాస్టర్ ఏడి?" ఊరికి పోయాడని చెప్పాను. మరి నువ్వెవరంటే, ఆయన దగ్గర నేర్చుకున్నానని చెప్పాల్సి వచ్చింది. ఖాలా ఇంట్లో నేర్చుకున్నదంతా పోయి, సూదిలో దారం ఎక్కించడం రాని మనిషికి నేను శిష్యురాలినయ్యాను. రేటు చెప్పగానే నవ్వేవారు. "ఆడపిల్లవు, కూసోని చేసుకునే పనే గద" అని ఒకరు. "మీ ఆయన సౌదీల ఉన్నడట, నీకేం తక్కువ" అని ఇంకొకరు, ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. మేడం దగ్గరే కుట్టించుకుంటాం, అక్కడ కలకత్తా మనిషి ఉన్నాడని మరొకరు. ఆ రోజుల్లో మేడం దగ్గర పని చేసేది ఎవరో నాకు తెలియదు. నాలాంటిదే ఎవరో అయి ఉంటుంది. ఆమె మీద జాలి పడదామనుకున్నాను, కానీ ఆర్డర్లన్నీ ఆమెకే పోతున్నాయి.

సగం రేటుకు చేయడం మొదలుపెట్టాను. నేను సగం రేటుకు చేస్తున్నానని పూసలవాడు సగం ధరకు పూసలివ్వడు. మల్గీ ముసలాయన మంచివాడే, అయినా ఒకరోజు వచ్చి నిలబడి, "మాస్టర్ మల్ల వస్తడా లేదా చెప్పు బిడ్డా. పెండ్లిళ్ల సీజన్ అయ్యేదాంక చూస్త" అన్నాడు. మాస్టర్ రాకపోతే మల్గీ పోతుంది. నాకు అంత తేటగా ఉంది. మళ్లీ ఎల్లారెడ్డిలో కూర్చుని బస్సు డ్రైవర్ చేతికి సంచులివ్వాలి.

పెద్ద ఆర్డర్ ఇచ్చేవాళ్లు మాస్టర్‌తో ఫోన్‌లోనైనా మాట్లాడాలనేవారు. వీడియో కాల్ చేసేదాన్ని. మా ఆయన అన్నం తినే వేళలో, నెత్తిన పసుపు పచ్చ హెల్మెట్‌తో కనిపించేవాడు. చీర ఫోన్ ముందు పడితే కళ్లు సగం మూసి "హోబే" అనేవాడు. ఆ హెల్మెట్ ఏందని ఒకామె అడిగింది. కలకత్తాలో అందరూ పెట్టుకుంటారని చెప్పాను. నమ్మింది. పూర్తి రేటు ఇచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో మా ఆయనతో మాట్లాడుతూ ఏడ్చాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, నేను కుడుతుంటే చూస్తూ, ఆయన తలకాయ చూసి డబ్బులిచ్చిందని చెప్పి ఏడ్చాను. ఆయన ఫోన్ పెట్టేయకుండా విన్నాడు.

కొన్ని రోజులకు పెద్దకొడప్‌గల్ ఆమె మళ్లీ వచ్చింది. చిన్న బిడ్డ పెళ్లి. పెళ్లికూతురికి, తోడికోడళ్లకు, ఆడబిడ్డలకు, మొత్తం ఇంటికి సరిపడా జాకెట్ గుడ్డలు సంచి నిండా తెచ్చింది. ఆ సంచి నా మల్గీలో ఉంటే సీజన్ గడిచిపోతుంది. ముసలాయన మళ్లీ అడగడు. ఆమె సంచి ఒళ్లోనే పెట్టుకుని, పెద్ద బిడ్డ జాకెట్ తీసి చట్రం మీద పరిచింది.

"గిట్లనే కావాలె. గీ ఈక చూడు. వొంపు చూడు. గాలికి కదిలినట్టు లేదా? మా వియ్యపురాలు గూడ గిదే అన్నది. కలకత్తా పని అంటే గిదీ. మనోళ్లకు రాదు."

నా జ్వరాన్ని ఆమె వేలితో నిమిరి నిమిరి చూపిస్తోంది. ఆ జాకెట్ తలుచుకుని సిగ్గుపడని రోజు లేదు నాకు. నవ్వాలో ఏడవాలో తెలియక సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

"మాస్టర్‌కు ఫోన్ చెయ్యి. ఆయన ఒప్పుకుంటేనే సంచి ఇస్త."

చేశాను. మా ఆయన ఏదో గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఈకను ఫోన్ ముందు పెట్టి, గిట్లనే అయితదా మాస్టర్ అని అడిగింది. నేను "హోబే" కోసం చూస్తున్నాను. ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. తెలుగులో మాట్లాడాడు.

"అక్కా, నాది ఎల్లారెడ్డి. కలకత్తా కాదు. నాకు సూదిల దారం ఎక్కియ్య గూడ రాదు. గా ఈక, గా నెమలి, మొత్తం ఆమె చెయ్యే. మొదటి నుంచి ఆమెనే. మాఫ్ చెయ్యి."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అబద్ధం మొదలుపెట్టినప్పుడు నన్నడగలేదు. నిజం చెప్పేటప్పుడైనా అడగాలి కదా? సీజన్ అయ్యాక చెప్పొచ్చు కదా? ఫోన్ కట్ చేసి బోర్లా పెట్టాను.

ఆమె సంచిని ఇంకొంచెం దగ్గరకు లాక్కుంది.

"గట్లయితే ఇన్ని దినాలు గింత రేటు ఎట్ల తీస్కున్నరు? నీ పని అయితే సగమే గద?"

నోరు విప్పితే ఏడుపొచ్చేలా ఉంది. చట్రం మీద ఒక ముక్క గుడ్డ బిగించి ఉంటే దాని మీద నెమలి ఈక కుట్టడం మొదలుపెట్టాను. గీత గీయలేదు. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు, వంగి చూస్తూ కూర్చుంది. పూర్తయ్యాక దాన్నీ జాకెట్‌నూ పక్కపక్కన పెట్టి చూసింది.

"చూసినవా?" అంది. "నీది సక్కగ వచ్చింది. గా వొంపు రాలె. గందుకే మాస్టర్ గావాలంటున్న."

"అది వొంపు కాదక్కా," అన్నాను. "ఆ రోజు నాకు జరం. కండ్లు కనిపియ్యలె. ఈక వంకరపోయింది. విప్పుదామంటే తెల్లారితే మీ పెండ్లి."

ఆమె జాకెట్ తీసుకుని ఈకను మళ్లీ చూసింది. ఈసారి వేలితో నిమరలేదు. నా చెయ్యి పట్టుకుని తిప్పింది. చూపుడు వేలి కొస మీద సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయకట్టిన చోటు ఉంటుంది. అక్కడ నొక్కి చూసింది.

"జరంల గూడ కూసున్నవా?"

"పెండ్లి ఆగదు గద."

"నేను గూడ జరంల నాట్లేసిన," అంది. "ఆగదు. గా మడిల నారు గూడ వంకరనే వచ్చింది. మా మామ మస్తు తిట్టిండు. నీది జూసి మా వియ్యపురాలు మెచ్చుకున్నది. గదీ నసీబంటే."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. అప్పుడు సంచి విప్పి, పసుపు రాసిన గుడ్డలు ఒక్కొక్కటే చట్రం మీద పెట్టడం మొదలుపెట్టింది.

"రేటు?" అంది.

"మాస్టర్ రేటే."

నన్ను చూసింది. వేలిని చూసింది. ఇంక బేరం ఆడలేదు. నా జీవితంలో నా మొహం చూసి ఆ రేటు ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. కడుపు నిండినట్టయింది. మా ఆయన మీద కోపం కూడా అప్పుడే పోయింది. ఫోన్ తిప్పి చూస్తే ఆయన చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి.

ఆమె చెప్పులేసుకుని గడప దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది. గొంతు తగ్గించింది.

"ఒక్క మాట. పెండ్లిల ఎవలన్న అడిగితే కలకత్తా మాస్టర్ చేసిండనే చెప్త. మావోళ్ల సంగతి నీకు తెల్వదు. గింత పెట్టి ఎల్లారెడ్డి ఆమెతోని చేపిచ్చినవా అంటరు. నా బిడ్డకు చులకనైతది. ఏమనుకోకు చెల్లె."

ఏమనుకోనని చెప్పాను. అనుకున్నాను. చాలాసేపు అనుకుంటూనే కూర్చున్నాను. సాయంత్రం ముసలాయన వచ్చి సంచి చూసి, మాస్టర్ వచ్చాడా అని అడిగాడు. ఇక్కడే ఉన్నాడని చెప్పాను. ఆయన మెల్లిగా నవ్వి వెళ్లిపోయాడు.

వెళ్లేముందు పెద్దకొడప్‌గల్ ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. పెళ్లికూతురి జాకెట్ మీద ఆ ఈక వంకరగానే ఉండాలట, వియ్యపురాలు అది వెతుకుతుందట. మంచి రోజు చూసి మొదలుపెట్టాను. జ్వరం లేకుండా ఆ ఈకను వంకరగా కుట్టడానికి చాలాసార్లు విప్పాల్సి వచ్చింది.